పాసివ్ స్పీకర్లకి డిజిటల్ ఈక్యూ: 70 హెర్ట్జ్ దగ్గర గుంట ఎంత పెంచినా పూడటం లేదు

ప్రశ్న:
నావి పోర్టు (పెట్టెకి గాలి గొట్టం) ఉన్న పాసివ్ బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, అంటే లోపల యాంప్ లేనివి. కంప్యూటర్ నుంచి డాక్ (డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే పెట్టె), అక్కడి నుంచి యాంప్. మైకు పెట్టి ఆర్‌ఈడబ్ల్యూ అనే కొలత సాఫ్ట్‌వేర్‌తో కొలిచాను. కూర్చునే చోట 45 హెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్స్ గుట్ట (శబ్దం ఎక్కువైన చోటు), 70 దగ్గర అంతకంటే లోతుగా గుంట (తగ్గిన చోటు). ఈక్వలైజర్ ఏపీవో అనే ఈక్యూ ప్రోగ్రాంలో (ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పెంచాలో, తగ్గించాలో పెట్టుకునేది) 70ని 9 డెసిబెల్స్ పెంచాను. గుంట అలాగే ఉంది, సౌండు పెంచితే ఊఫర్ (బేస్ వాయించే స్పీకర్) మాత్రం టపటపా కొట్టుకుంటోంది. గది పొడవు 3.8 మీటర్లు. స్పీకర్ ముందు ముఖానికీ దాని వెనకున్న గోడకీ మధ్య 1.2 మీటర్లు. యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య డీఎస్‌పీ పెట్టె (శబ్దాన్ని డిజిటల్‌గా దిద్దేది) పెట్టమని ఒకరన్నారు. పెట్టనా?

జవాబు:
వద్దండీ. యాంప్‌కి ముందుండే చిన్నపాటి లైన్ సిగ్నల్ కోసం చేసిన పెట్టెలోకి యాంప్ అవుట్‌పుట్ ఇస్తే కాలిపోవచ్చు. పాసివ్ స్పీకర్లకి ఈక్యూ యాంప్ కంటే ముందే పడాలి. మీ కంప్యూటర్లో ఆ పని ఇప్పటికే జరుగుతోంది.

ముందు ఆ 9 డెసిబెల్స్ తీసేయండి. 3 పెంచితే యాంప్ రెట్టింపు పవర్ ఇవ్వాలి, 9కి ఎనిమిది రెట్లు. అంత ఇచ్చినా గుంట ఎందుకు పూడలేదంటే, వెనక్కి వెళ్లిన శబ్దం గోడకి తగిలి 2.4 మీటర్లు ఎక్కువ తిరిగి వస్తోంది. 4.8 మీటర్ల తరంగానికి అది సరిగ్గా సగం, అంటే నేరుగా వచ్చే శబ్దాన్ని ఇది కొట్టేస్తుంది. శబ్దవేగం 343ని 4.8తో భాగించి చూడండి, 71 వస్తుంది! మీరు పెంచిన కొద్దీ గోడ నుంచి వచ్చేదీ అంతే పెరుగుతుంది. చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

45 సంగతి వేరు. అది గది పొడవు వల్ల వచ్చే గుట్ట (పొడవుకి రెట్టింపు 7.6 మీటర్లు, 343ని దాంతో భాగించండి). దాన్ని కోయొచ్చు. మైనస్ 8, క్యూ (ఫిల్టర్ ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె) 5తో మొదలుపెట్టి, మళ్లీ కొలిచి సర్దుకోండి. గుయ్యిమంటూ సాగే బేస్ కూడా తగ్గుతుంది, యాంప్‌కీ హాయి.

గుంటకి మందు స్పీకర్‌ని జరపడమే. గోడకి 50 సెంటీమీటర్లలో పెడితే గుంట 170 ప్రాంతానికి పోతుంది. అక్కడ శబ్దం వెనక్కి వెళ్లేది కాస్త తక్కువ కాబట్టి అంత లోతుండదు.

మరొకరు:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నేను 20 కిలోహెర్ట్జ్ దాకా గీత గీసినట్టు చదును చేశాను. ఇప్పుడు పాట వింటే చెవులు కోసుకుపోతున్నాయి.

జవాబు:
దాదాపు అందరం ఒకసారి చేసిన తప్పే అది. 1700 హెర్ట్జ్ తరంగం పొడవు 20 సెంటీమీటర్లు, మైకు జానెడు జరిపితే పైనున్న వంకరలన్నీ మారిపోతాయి. ఒక్క చోట కొలిచి వాటిని దిద్దితే తల కదపకుండా వినాలి. పైగా మంచి స్పీకర్ కొలత కూడా కూర్చునే చోట పైకి వెళ్లేకొద్దీ కాస్త వాలుతూనే ఉంటుంది, ఆ వాలుని మీరు లేపేశారు. 300 దాటాక ఫిల్టర్లన్నీ తీసేయండి. మరీ కావాలంటే ఒకటి రెండు డెసిబెల్స్, అదీ వెడల్పుగా.

ప్రశ్న అడిగినవారు:
జరిపాను. 70 గుంట ఇప్పుడు 4 డెసిబెల్సే. 45 గుట్ట మాత్రం 13కి పెరిగింది, మైనస్ 10 పెట్టి అణిచాను. టపటప పోయింది. 30 కింద కొంచెం పెంచుకోవచ్చా?

జవాబు:
ఆశ పడకండి. పోర్టు ట్యూనింగ్ (పోర్టు మోగే ఫ్రీక్వెన్సీ) కంటే కింద ఊఫర్ కోన్‌ని ఆపే గాలి ఉండదు. విపరీతంగా ఊగుతుంది, వినబడేది మాత్రం ఏమీ ఉండదు. పెంచడం మాని అక్కడ హైపాస్ (కింది ఫ్రీక్వెన్సీలని ఆపే ఫిల్టర్) పెట్టండి. ట్యూనింగ్ ఎంతో తెలియాలంటే మీ స్పీకర్ ఇంపెడెన్స్ (ఫ్రీక్వెన్సీని బట్టి మారే విద్యుత్ నిరోధం) గ్రాఫ్‌లో కింద రెండు గుట్టల మధ్య లోయ ఎక్కడుందో చూడండి. ఇంకొకటి, ఎక్కడైనా 2 డెసిబెల్స్ పెంచి ఉంటే ఈక్వలైజర్ ఏపీవోలోని ప్రీయాంప్ గడిలో మైనస్ 2 పెట్టండి, లేకపోతే డాక్‌కి చేరకముందే క్లిప్ అవుతుంది, అంటే శిఖరాలు తెగి శబ్దం పాడవుతుంది.