ఆక్వా కన్సల్టెంట్ రైతు దగ్గర ఫీజు తీసుకోవాలా, మందుల షాపు కమీషన్ మీద నడవాలా?

ఉప్పుటేరు:
అందరికీ నమస్కారం. బీఎఫ్‌ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) చదివి నాలుగేళ్లుగా ఒక మేత కంపెనీలో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్యల రైతులు బాగానే పరిచయం. ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టెన్సీ పెడదామనుకుంటున్నాను. ఎకరానికి నెలకింత అని ఫీజు చెబితే "కంపెనీ వాళ్లు ఊరికే చూసి వెళ్తున్నారు కదా, నీకెందుకివ్వాలి" అంటున్నారు. షాపుల వాళ్లేమో "ఫీజు అడక్కు, మా సరుకు రాయి, అమ్మకంలో వాటా ఇస్తాం" అంటున్నారు. పదేళ్ల తర్వాత కూడా ఈ పనిలో నిలబడాలంటే ఏ దారి మంచిది?

గట్టుమీద:
తమ్ముడూ, షాపు దారి పట్టకు. 2009లో వనామీకి అనుమతి వచ్చిన కొత్తలో నేనూ అలాగే మొదలుపెట్టాను. మూడేళ్లు డబ్బు బాగానే వచ్చింది. నాలుగో ఏడు ఒక రైతు చెరువులో రొయ్య మేత తినడం తగ్గింది. రోజూ గట్టు వారన నాలుగైదు చచ్చి కనిపించేవి. నేను పగలు పదకొండింటికి వెళ్లి ఆక్సిజన్ చూశాను, 6 పీపీఎం ఉంది. బాగానే ఉందనుకుని గట్ ప్రోబయాటిక్ (పేగుకి మేలు చేసే బ్యాక్టీరియా), మినరల్స్ రాశాను. అన్నీ షాపు సరుకే.

ఎండ ఉన్నంతసేపు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక అదే వాడేసుకుంటుంది. వారం తర్వాత తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి కొలిస్తే 2.5 ఉంది. 4కి తగ్గకూడదు. మిగిలిన మేత అడుగున చేరి కుళ్లింది. మొదటి రోజే మేత తగ్గించి, రాత్రంతా ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిప్పించి ఉండాల్సింది. మేత తగ్గించమంటే నాకు రూపాయి రాదు, అందుకే నా ఆలోచన అటు పోలేదు. ఆ పంటలో ఆయనకు మందుల బిల్లు కూడా తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి ఏ షాపు దగ్గరా వాటా తీసుకోలేదు.

షాపు నుంచి:
అన్నా, మీ బాధ అర్థమైంది కానీ మా వైపు కూడా వినండి. సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన దగ్గర్నుంచి పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) దాకా వంద రోజుల పైన సరుకు అప్పు మీద ఇచ్చేది మేమే. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరి రొయ్యల రేట్లు పడినప్పుడు ఎంతమంది బాకీలు ఆగిపోయాయో నా పుస్తకం చూస్తే తెలుస్తుంది. నాకే కట్టలేని రైతు కన్సల్టెంట్‌కి ఎక్కడి నుంచి తెచ్చిస్తాడు? ఇంటి అద్దె కట్టాల్సిన కుర్రాడికి ఫీజు మీదే బతకమని చెప్పడం తేలిక. షాపుల వాళ్లందరం అవసరం లేని సరుకు అంటగడతామన్నట్టు మాట్లాడకండి.

ఆరెకరాల రైతు:
నేను ఫీజు ఇస్తాను, ఇస్తున్నాను కూడా. ఎందుకో చెబుతాను. పోయిన ఏడాది 80 రోజులైనా రొయ్య 150 కౌంట్ (కిలోకి 150 రొయ్యలు) దగ్గరే ఆగిపోయింది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ముగ్గురు వచ్చి మూడు రకాల మందులు రాశారు. నాలుగో ఆయన పీసీఆర్ (ల్యాబ్ టెస్టు) చేయించి, "ఇది ఈహెచ్‌పీ, రొయ్య ఎదగకుండా ఆపే పరాన్నజీవి, దీనికి మందు లేదండి, ఇక డబ్బు పెట్టకండి, పట్టేయండి. తర్వాత చెరువు బాగా ఎండబెట్టి సున్నం వేసి, టెస్టు చేసిన సీడే వేయండి" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు మిగిలిన డబ్బు ఆయన ఫీజు కంటే చాలా ఎక్కువ. కంపెనీ టెక్నీషియన్ ఆ మాట చెప్పలేడు, ఆ రోజు నుంచి నేను మేత కొనడం మానేస్తాను కాబట్టి.

అయితే నెలకింత అని కాకుండా, పట్టుబడి అయ్యాక కిలోకి ఇంత అంటే రైతులు ఇంకా తేలిగ్గా ఒప్పుకుంటారు.

గట్టుమీద:
కిలో లెక్క ఒక్కటే పెట్టుకుంటే ప్రమాదమండి. టన్నులు పెరిగితేనే డబ్బు అనుకున్నవాడు సీడ్ ఒత్తుగా వేయిస్తాడు. పక్క చెరువులో వైట్ స్పాట్ వైరస్ వచ్చినా "ఇంకో పది రోజులు ఆగుదాం, సైజు పెరుగుతుంది" అంటాడు. చివరికి ఎవరో ఇచ్చిన యాంటీబయాటిక్ కూడా వేయిస్తాడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషేధమని అందరికీ తెలుసు, అవి బయటపడితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది.

తమ్ముడూ, నా పద్ధతి చెబుతాను. సీడ్ వేయకముందే కొంత అడ్వాన్స్ తీసుకుంటాను, ఎందుకంటే చెరువు తయారీ, సీడ్ టెస్టు దగ్గరే సగం పని అయిపోతుంది. తర్వాత నెలకి తక్కువ మొత్తం. పట్టుబడి మీద చిన్న వాటా. ప్రతి చెరువుకీ ఒక నోటుబుక్కు, అందులో చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) లెక్క, ఆక్సిజన్, బరువు రాసి రైతు దగ్గరే ఉంచుతాను. పక్క ఊరి రైతు ఆ పుస్తకం చూసే నన్ను పిలిచాడు. మొదటి ఏడాది నలుగురు రైతులకి మించి ఒప్పుకోకు, అంతకంటే ఎక్కువైతే తెల్లవారుజామున చెరువు దగ్గర ఉండలేవు.

షాపు నుంచి:
పద్ధతి బాగుంది. వైరస్ వచ్చి పంట పోయిందనుకోండి, అప్పుడు కూడా ఫీజు ఇస్తారా?

ఆరెకరాల రైతు:
నెలవారీది ఇస్తాను, ఆయన వచ్చి చూశారు కదా. పట్టుబడి వాటా ఇవ్వను. ఈ రెండూ సీడ్ వేయకముందే కాగితం మీద రాసుకోవాలి.

ఉప్పుటేరు:
కాగితం ఈ వారమే రాస్తున్నాను. ఇద్దరు రైతులు సరేనన్నారు. ఉద్యోగానికి మాత్రం ఇంకో పంట అయ్యాకే రాజీనామా చేస్తాను, అప్పటిదాకా మా కంపెనీ మేత వాడే చెరువులు తీసుకోను.