ఇంధనంలో ముప్ఫయి శాతమా, విద్యుత్తులో ముప్ఫయి శాతమా?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. ప్రపంచ ఇంధనంలో 30 శాతం పునరుత్పాదక వనరులదేనని ఒకచోట, ప్రపంచ విద్యుత్తులో 30 శాతమని మరొకచోట చదివాను. ఈ రెండు మాటలూ ఒకటేనా? అసలు గాలిని, ఎండను ఇంధనం అనవచ్చునా?

సమాధానం: ఒకటి కావండీ. రెండవది ఒప్పు, మొదటిది తప్పు. 2023లో ప్రపంచమంతటా తయారైన విద్యుత్తులో సుమారు 30 శాతం నీరు, గాలి, ఎండ, జీవపదార్థం, భూతాపం (నేల లోపలి వేడి) వంటి వనరుల నుండి వచ్చింది. అందులో పెద్ద పాలు ఇప్పటికీ జలవిద్యుత్తుదే. అయితే మనుషులు అంతిమంగా వాడుకొనే మొత్తం శక్తిలో విద్యుత్తు దాదాపు అయిదో వంతు మాత్రమే. మిగిలినదానిలో అధికభాగం వాహనాలలో పెట్రోలు, డీజిలుగానూ, కర్మాగారాల కొలుములలో బొగ్గు, సహజవాయువుగానూ నేరుగా మండిపోతోంది. ఐస్‌లాండ్‌నే చూడండి: అక్కడి విద్యుత్తు దాదాపు నూటికి నూరు శాతం జలశక్తి, భూతాపాలదే, ఇళ్లను వెచ్చబరచేది కూడా ఎక్కువగా భూతాపమే, అయినా చేపల పడవలకు, విమానాలకు చమురు కావలసిందే కనుక మొత్తం శక్తిలో ఆ వాటా 85 శాతం దగ్గర ఆగుతుంది.

ఇక మాట సంగతి. ‘ఇంధ్’ అనే సంస్కృత ధాతువుకు వెలిగించడం, మండించడం అని అర్థం. దాని నుండి పుట్టిన ‘ఇంధనం’ అంటే మంటకు ఆహారమైనది. ‘సమిధ’ కూడా ఆ ధాతువు బిడ్డే. గాలిని ఎవరూ మండించరు కాబట్టి ‘పవన ఇంధనం’ అనే ప్రయోగం నాకు ఎప్పుడూ పంటి కింది రాయే. మండేదానికి ఇంధనం, అన్ని రూపాలనూ కలిపి చెప్పేటప్పుడు శక్తి, తీగలో ప్రవహించేదానికి విద్యుత్తు అని మూడింటినీ విడిగా వాడితే మీరు చదివిన పొరపాటు జరగదు.

ప్రశ్న: మరి ‘పునరుత్పాదక’ సరైనదేనా? ఉత్పాదకమంటే పుట్టించేది కదా?

సమాధానం: మంచి పట్టు పట్టారు. వ్యాకరణం ప్రకారం పునరుత్పాదకం అంటే మళ్లీ పుట్టించేదే అవుతుంది. మళ్లీ పుట్టింపదగినది అన్న అర్థానికి ‘పునరుత్పాద్యం’ దగ్గరి రూపం. హిందీవారు ‘నవీకరణీయ’ అని ఈ చిక్కును తప్పించుకున్నారు. కానీ మనకు పునరుత్పాదకం స్థిరపడిపోయింది, ఇప్పుడు కదిలించి లాభం లేదు. దీనికి ముందు వాడిన ‘సంప్రదాయేతర’ కంటే ఇది ఎంతో నయం. నీటిచక్రాలు, గాలిమరలు బొగ్గు విద్యుత్కేంద్రాల కంటే ఎన్నో శతాబ్దాలు పాతవైతే, వాటిని సంప్రదాయం కానివని ఎలా అంటాం?

ప్రశ్న: అలాగైతే కట్టెపుల్ల ఏ లెక్కలోకి వస్తుంది?

సమాధానం: అది అచ్చమైన ఇంధనం, చెట్టు మళ్లీ పెరుగుతుంది గనుక పునరుత్పాదకం కూడా. అందుకే ఏదైనా పట్టికలో పునరుత్పాదక శక్తి వాటా కనిపించినప్పుడు పొయ్యిలోని కట్టెలను, పిడకలను కలిపారో లేదో చూడాలి. అవి కలిస్తే శక్తి వాటా గణనీయంగా పెరుగుతుంది. విద్యుత్తు వాటాలో మాత్రం ఆ పొయ్యిమంటకు చోటు లేదు.