వెబ్ మ్యాప్‌లో 500 మీటర్ల బఫర్ వేస్తే 433 మీటర్లే వస్తోంది

పటంగీత:
ఆర్క్‌జీఐఎస్ (మ్యాప్ సాఫ్ట్‌వేర్) సర్వర్‌లోని జామెట్రీ సర్వీస్‌తో ఫీచర్ల చుట్టూ బఫర్లు, అంటే ఇచ్చిన దూరం మేర హద్దులు, వేస్తున్నాను. ఒక లేయర్‌లో స్కూళ్ల పాయింట్లు దాదాపు మూడు వేలు, ఇంకో లేయర్‌లో కాలువల లైన్లు. మ్యాప్ వెబ్ మెర్కేటర్ (ఆన్‌లైన్ మ్యాపుల ప్రొజెక్షన్). పంపుతున్న పారామీటర్లు ఇవి (ఎస్ఆర్ అంటే కోఆర్డినేట్ పద్ధతి, 102100 వెబ్ మెర్కేటర్ కోడ్, 9001 మీటరు కోడ్):

ఇన్‌ఎస్ఆర్ = 102100
అవుట్‌ఎస్ఆర్ = 102100
బఫర్‌ఎస్ఆర్ = 102100
డిస్టెన్సెస్ = 500
యూనిట్ = 9001
యూనియన్‌రిజల్ట్స్ = ఫాల్స్

బఫర్ వస్తోంది కానీ మ్యాప్‌లోని కొలత టూల్‌తో కొలిస్తే వ్యాసార్థం 433 మీటర్లే చూపిస్తోంది. పైగా కొన్ని స్కూళ్లకు అసలు బఫరే లేదు, లెక్కపెడితే సరిగ్గా 2,000 దగ్గర ఆగిపోయాయి. ఇక కాలువలది వేరే గోల. మ్యాప్ మీద క్లిక్ చేసి దొరికిన జామెట్రీని (ఆకారపు కోఆర్డినేట్లను) పంపిస్తున్నాను. చిన్న కాలువైతే పనిచేస్తోంది, పొడవు కాలువైతే 414 ఎర్రర్. జూమ్ మార్చి మళ్లీ క్లిక్ చేస్తే అదే కాలువకు బఫర్ ఆకారం కొంచెం మారుతోంది కూడా. ఎక్కడ సరిదిద్దాలో చెప్పగలరా?

గ్రిడ్‌రేఖ:
433ని 500తో భాగించి చూడండి, 0.866 వస్తుంది. అది కొసైన్ 30 డిగ్రీలు. మీ డేటా 30 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల ఉంటే సర్వీస్ తప్పేమీ చేయలేదు, మీరు అడిగిందే ఇచ్చింది.

వెబ్ మెర్కేటర్‌లో మీటరు, నేల మీద మీటరు ఒకటి కావు. భూమధ్యరేఖ దగ్గరే అవి రెండూ కలుస్తాయి. అక్కడి నుంచి ధ్రువాల వైపు పోయేకొద్దీ మ్యాప్ సాగుతుంది. అక్షాంశం కొసైన్‌తో 1ని భాగిస్తే ఎన్ని రెట్లు సాగిందో వస్తుంది. 60 డిగ్రీల దగ్గర మీ 500 మీటర్ల బఫర్ నేల మీద 250 మీటర్లే. వైశాల్యానికి కొసైన్ వర్గం పడుతుంది కాబట్టి ఇప్పుడు మీ ఒక్కో వలయం ఉండాల్సిన దాంట్లో 75 శాతమే ఉంది. ఆ బఫర్ల మీద జనాభా లెక్కలు కడితే పావు వంతు నేల లెక్కలోకే రాదు. కొలత టూల్ జియోడెసిక్‌గా (భూమి వంపు వెంబడి) కొలుస్తోంది, బఫర్ చదును తలం మీద పడుతోంది, అందుకే రెండిటికీ పొంతన కుదరట్లేదు.

జియోడెసిక్ = ట్రూ అని పెట్టండి, సరిపోతుంది. బఫర్‌ఎస్ఆర్ తీసేస్తే చాలని కొందరు అనుకుంటారు. అది లేకపోతే సర్వీస్ అవుట్‌ఎస్ఆర్‌ను తీసుకుంటుంది, అదీ లేకపోతే ఇన్‌ఎస్ఆర్‌ను. మీ విషయంలో ఎటు తిరిగినా 102100కే చేరుతుంది. జియోడెసిక్ డిఫాల్ట్ విలువ జామెట్రీ రకాన్ని, యూనిట్‌ను, బఫర్‌ఎస్ఆర్‌ను బట్టి మారుతుంది, దాని మీద ఆధారపడొద్దు. యూనిట్ కూడా రాసే ఉంచండి. అది వదిలేసి బఫర్‌ఎస్ఆర్ 4326 (డిగ్రీల్లో అక్షాంశ రేఖాంశాలు) ఇస్తే యూనిట్ ఆ 4326 నుంచే వస్తుంది, అంటే 500 డిగ్రీలు అడిగినట్టు.

జియోడెసిక్ లేని వేరే సర్వీస్ వాడాల్సొస్తే బఫర్‌ను యూటీఎంలో (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్) వేయించండి. దాని ఎస్ఆర్ కోడ్ ఉత్తరార్ధగోళానికి 326 పక్కన జోన్ నంబరు, దక్షిణానికి 327 పక్కన. జోన్ మధ్య రేఖ మీద స్కేల్ 0.9996, అంటే 500 మీటర్లకు 20 సెంటీమీటర్ల తేడా, ఎవరూ పట్టించుకోరు. ఒక్కో జోన్ వెడల్పు 6 డిగ్రీలే కాబట్టి డేటా అంతకు మించి పరుచుకుని ఉంటే జోన్లవారీగా విడగొట్టాలి. దూరాన్నే కొసైన్‌తో భాగించి పంపడం చిన్న ఊరికి నడుస్తుంది కానీ 25 నుంచి 35 డిగ్రీల దాకా ఉన్న డేటాకు 30 డిగ్రీల గుణకం వాడితే ఒక కొసన 523 మీటర్లు, ఇంకో కొసన 473 మీటర్లు వస్తాయి. నేనైతే ఆ జోలికి పోను.

ఇంకో మాట. జియోడెసిక్ పెట్టాక అదే 500 మీటర్ల వలయం ఉత్తరాన పెద్దగా, దక్షిణాన చిన్నగా కనిపిస్తుంది. అది సరైనదే, కంగారు పడకండి.

సర్వర్‌వెనక:
2,000 దగ్గర ఆగడం బఫర్ సమస్య కాదండి, క్వెరీ (లేయర్ నుంచి డేటా అడగడం) సమస్య. లేయర్‌కు మాక్స్‌రికార్డ్‌కౌంట్ అని ఒక హద్దు ఉంటుంది, మీ లేయర్‌లో అది 2,000 అయ్యుండాలి. రెస్పాన్స్‌లో ఎక్సీడెడ్‌ట్రాన్స్‌ఫర్‌లిమిట్ ట్రూ అని ఉందేమో చూడండి. ఎర్రర్ ఏమీ రాదు, మిగతావి చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. రిజల్ట్‌ఆఫ్‌సెట్, రిజల్ట్‌రికార్డ్‌కౌంట్‌లతో పేజీలుగా తెచ్చుకోండి, ఆర్డర్‌బైఫీల్డ్స్‌లో ఆబ్జెక్ట్‌ఐడీ (ఒక్కో ఫీచర్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) తప్పకుండా ఇవ్వండి. వరుస స్థిరంగా లేకపోతే రెండో పేజీలో కొన్ని రెండోసారి వచ్చి, కొన్ని తప్పిపోతాయి.

414 అంటే యూఆర్ఎల్ మరీ పొడవైంది. గెట్‌లో (డేటా అంతా యూఆర్ఎల్‌లోనే) పంపుతున్నారు, పోస్ట్‌కు (డేటా యూఆర్ఎల్ బయట విడిగా వెళ్తుంది) మార్చండి. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ డిఫాల్ట్‌గా రిక్వెస్ట్ లైన్‌ను 8 కేబీ దాకానే ఒప్పుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో క్వెరీ స్ట్రింగ్ (యూఆర్ఎల్‌లో ప్రశ్న గుర్తు తర్వాతి భాగం) హద్దు 2,048 బైట్లు, అది దాటితే 414 కాకుండా 404 అంటుంది. ఆ 404 చూసి అడ్రసు తప్పేమోనని వెతుకుతూ కూర్చునేవాళ్లు చాలామంది.

జూమ్‌తో ఆకారం మారడమే వీటన్నిట్లోకీ ప్రమాదకరం. స్క్రీన్ మీద కనిపించే జామెట్రీ ఆ జూమ్‌కు సరిపడా పలచబరిచినది, అసలు డేటా కాదు. వెక్టర్ టైల్స్ (చదరపు ముక్కలుగా కోసిన మ్యాప్ డేటా) అయితే మరీను. మామూలుగా ఒక టైల్‌ను అడ్డంగా 4,096 గళ్లుగా విడగొడతారు. జూమ్ 10లో భూమధ్యరేఖ దగ్గర టైల్ వెడల్పు సుమారు 39 కిలోమీటర్లు కాబట్టి ఒక గడి తొమ్మిదిన్నర మీటర్లు. జూమ్ 14కు వెళ్తే 0.6 మీటర్లు. పైగా లైన్ టైల్ అంచు దగ్గర తెగిపోయి ఉంటుంది. క్లిక్‌లో దొరికింది కాలువలో ఒక ముక్కే కావచ్చు, దాని బఫర్‌కు కాలువ మధ్యలోనే గుండ్రటి కొస వస్తుంది. అలాంటి కొస కనిపించిందంటే ఇదే కారణం.

కాబట్టి క్లిక్ నుంచి ఆబ్జెక్ట్‌ఐడీ మాత్రమే తీసుకోండి. దాంతో లేయర్‌కు క్వెరీ కొట్టి రిటర్న్‌జామెట్రీ ట్రూ పెట్టి, మాక్స్‌అలవబుల్‌ఆఫ్‌సెట్ (ఆకారాన్ని పలచబరిచే పారామీటర్) ఇవ్వకుండా పూర్తి జామెట్రీ తెచ్చుకోండి. శీర్షాలు మరీ ఎక్కువైతే మీరే 5 మీటర్ల టాలరెన్స్‌తో సింప్లిఫై చేసుకోవచ్చు. 500 మీటర్ల బఫర్‌కు అది 1 శాతం, ఎంత పోతోందో మీకు ముందే తెలిసి ఉంటుంది.

పటంగీత:
జియోడెసిక్ పెట్టగానే 500 సరిగ్గా వచ్చింది, పోస్ట్‌తో 414 కూడా పోయింది. ఇద్దరికీ ధన్యవాదాలు. అసలు పనేమిటంటే కాలువకు 500 మీటర్ల లోపు ఉన్న స్కూళ్ల జాబితా కావాలి. బఫర్ వేసి అందులో పడిన పాయింట్లు తీస్తే చాలుగా? సర్వర్ జోలికి పోకుండా బ్రౌజర్‌లోనే టర్ఫ్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో చేస్తే?

కొలబద్ద:
జాబితాకు బఫర్ అక్కర్లేదండి. మీ సర్వీస్‌లోనే స్కూళ్ల లేయర్ క్వెరీకి కాలువ జామెట్రీ ఇచ్చి, డిస్టెన్స్ 500, యూనిట్స్ మీటర్ అని పెడితే జాబితా నేరుగా వస్తుంది. డేటా పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్‌లో ఉంటే రెండు కాలమ్‌లనూ జియోగ్రఫీ రకంలో పెట్టుకుని ఎస్టీ_డీవితిన్ ఫంక్షన్ (ఇచ్చిన దూరం లోపల ఉందా అని చూసేది) వాడండి, దూరం మీటర్లలో ఇవ్వాలి, స్పేషియల్ ఇండెక్స్ కూడా పనికొస్తుంది.

వేగం ఒక్కటే కారణం కాదు. బఫర్ వంపు నిజమైన వంపు కాదు, గీతల ముక్కలు. పోస్ట్‌జీఐఎస్‌లోనూ టర్ఫ్‌లోనూ డిఫాల్ట్ పావు వలయానికి 8 ముక్కలు, మొత్తం 32 భుజాలు. భుజం మధ్యలో వ్యాసార్థం 500కు బదులు 497.6 ఉంటుంది. కాలువ కొస నుంచో వంపు బయటి వైపు నుంచో 499 మీటర్లలో ఉన్న స్కూలు అలా జారిపోవచ్చు. ముక్కలు 16 చేస్తే లోటు 0.6 మీటర్లకు తగ్గుతుంది కానీ సున్నా కాదు. లైన్ తిన్నగా ఉన్నచోట ఈ తేడా రాదు. ఫలానా స్కూలు లోపలా బయటా అన్నది దూరంతో తేల్చండి, బఫర్‌ను చూపించడానికే ఉంచండి.

టర్ఫ్ వాడితే మూడు చూసుకోండి. యూనిట్స్ ఇవ్వకపోతే కిలోమీటర్లు అనుకుంటుంది, 500 అంటే 500 కిలోమీటర్లే. కోఆర్డినేట్లు 4326లో, ముందు రేఖాంశం తర్వాత అక్షాంశం ఉండాలి, 102100 అంకెలు అలాగే ఇస్తే వచ్చేదంతా చెత్తే. ఆకారాలను కలిపే యూనియన్ ఫంక్షన్ వెర్షన్ 6లో రెండు ఫీచర్లను విడివిడిగా తీసుకునేది, 7లో ఫీచర్ కలెక్షన్ అడుగుతుంది, పాత కోడ్ అతికిస్తే అక్కడే ఆగుతుంది. పొడవు లైన్లకు ప్రొజెక్షన్ తేడా వస్తుందేమోనని భయం వద్దు. టర్ఫ్ ఆ ఆకారం మధ్యలో కేంద్రం పెట్టి అజిముతల్ ఈక్విడిస్టెంట్‌లో (కేంద్రం నుంచి దూరాలు సరిగ్గా ఉండే ప్రొజెక్షన్) లెక్క వేస్తుంది. కేంద్రం నుంచి 1,000 కిలోమీటర్ల దూరంలో కూడా తేడా 0.4 శాతం చుట్టూనే.

గ్రిడ్‌రేఖ:
చూపించే బఫర్ గురించి ఒకటి చేరుస్తాను. ఎలాగూ 250, 1000 కూడా అడుగుతారు. డిస్టెన్సెస్‌లో మూడూ కామాలతో ఇచ్చి యూనియన్‌రిజల్ట్స్ ట్రూ పెడితే ఒక్కో దూరానికి ఒక్కో పాలిగన్ వస్తుంది, కానీ అవి వలయాలు కావు, ఒకదాని లోపల ఒకటి నిండుగా ఉంటాయి. సగం పారదర్శకంగా రంగు వేస్తే లోపలిది ముదురైపోతుంది, లెజెండ్‌లో రంగుతో కలవదు. 1000 నుంచి 500ని, 500 నుంచి 250ని డిఫరెన్స్‌తో తీసేస్తే వలయాలు మిగులుతాయి. సర్వీస్ తిరిగిచ్చేది జామెట్రీ మాత్రమే, స్కూలు పేర్లు అందులో ఉండవు. క్లిక్ చేస్తే పేరు రావాలంటే కలపని బఫర్లకు ఆబ్జెక్ట్‌ఐడీ మీరే అంటించి, పూర్తి పారదర్శకంగా పైన ఇంకో లేయర్‌గా ఉంచండి. విజిబిలిటీ ఆపేస్తే మాత్రం క్లిక్ తగలదు.