అప్‌డేట్: కోరస్ నుంచి రేడియో మైకు దగ్గరికి

పాప్ బృందంలో పదకొండేళ్లు కోరస్ పాడిన నేను రేడియో వ్యాఖ్యాతను కాగలనా అని మొన్న వేసవిలో మిమ్మల్ని అడిగాను. అయ్యాను. బరంపురం దగ్గర ఒక కమ్యూనిటీ రేడియోలో (చుట్టుపక్కల ఊళ్లవాళ్ల కోసం నడిచే చిన్న స్టేషన్), వారానికి రెండు సాయంత్రాలు. 100 వాట్ల ప్రసారం. మా పిన్ని ఇంటిదాకా వినిపిస్తుంది, నాకు అది చాలు.

"బాగా సాధన చేయండి" అన్నారు మీరు. చేశాను, కానీ అసలు చిక్కు వేరే ఉంది. కోరస్‌లో పక్క గొంతులో కలిసిపోవడమే పని, ఇక్కడ ఒక్కదాన్నే. మొదట్లో ప్రతి వాక్యం చివర పాటలోలా సాగదీసేదాన్ని. 'ప', 'భ' పలికినప్పుడల్లా మైకులో ఊపిరి పేలేది. మైకును కాస్త పక్కకు జరిపాక తగ్గింది. ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తాను. ఫోను చేసేవారు ఎలాగూ రెండూ కలిపేస్తారు! స్టేషన్ సొంతంగా తయారుచేసిన వార్తలు చదవకూడదు, కమ్యూనిటీ రేడియోలకు నిబంధన అది. ఇచ్చేది బస్సు ఖర్చులకు సరిపోతుంది. పెళ్లిళ్లలో పాడటం మానలేదు.