థలసీమియా రిపోర్టులు: రక్తం ఎక్కించే ముందు, తర్వాతి హిమోగ్లోబిన్‌ను ఏఐ కలిపేస్తోంది
మా బాబుకి తొమ్మిదేళ్లు, బీటా థలసీమియా మేజర్ (ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారవని, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు). ఇక్కడ బెంగళూరులో మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. డాక్టరుగారికి చూపించడానికి ఫోన్లో ఏఐ చాట్‌బాట్‌తో రిపోర్టుల చార్టు చేయిస్తున్నాను. (మందుల మోతాదు మాత్రం దాన్ని అడగను.) ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 8.4, మర్నాడు 12.0 ఉంటే, సగటు 10.2 తీసి "బాగుంది" అంటోంది. మాకు ముఖ్యం ముందు అంకే, అది 9 నుంచి 10.5 మధ్య ఉండాలి. పైగా ఫొటో పెడితే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) 2,450ని 2.45గా చదువుతోంది. అంకెలు చేత్తో టైప్ చేశాను, పక్కన "ముందు", "తర్వాత" అని రాశాను, ఇంగ్లిషులోనూ చెప్పాను. ఆ పూటకి సరిచేస్తుంది, కొత్త చాట్ తెరిస్తే మళ్లీ మొదటికే. ఈ రెండు అంకెలూ కలవకుండా, ప్రతిసారీ చెప్పే పని లేకుండా మీరు చార్టు ఎలా చేయిస్తున్నారు?