ఇంట్లో ఒంటరిగా బ్లాక్ మెటల్: గిటార్‌కు ఆ దూరం ఎలా వస్తుంది?

ప్రశ్న: స్విట్జర్లాండ్ బ్లాక్ మెటల్ (వేగంగా, కరుకుగా సాగే మెటల్ సంగీతం) సోలో ప్రాజెక్ట్ పేసాజ్ డివెర్‌లో గిటార్ ఎక్కడో మంచుగాలి అవతల నుంచి వస్తున్నట్టుంటుంది. ల్యాప్‌టాప్‌లో గెయిన్ (శబ్దాన్ని బరకగా మార్చే డిస్టార్షన్ మోతాదు) పూర్తిగా పెంచి, ఒకే ట్రాక్‌ను కాపీ చేసి ఎడమా కుడీ పెడితే చెవిలో గీరుతోంది తప్ప ఆ లోతు రావట్లేదు. ఏం మార్చాలి?

జవాబు: కాపీ ట్రాక్‌ను ఎంత పక్కకు పాన్ చేసినా (ఎడమకో కుడికో జరిపినా) మోనోగానే, అంటే మధ్యలోంచి ఒకే శబ్దంలా వినిపిస్తుందండీ. అదే రిఫ్‌ను (గిటార్ వరసను) మళ్లీ వాయించి రికార్డ్ చేయండి. రెండు టేకుల మధ్య ఉండే చిన్న తేడాలే వెడల్పునిస్తాయి. డిస్టార్షన్ కూడా పోగవుతుంది కాబట్టి గెయిన్ సగానికి దించండి, లేదంటే ట్రెమొలో పికింగ్‌లో (ఒకే స్వరాన్ని వేగంగా పదేపదే మీటడంలో) స్వరాలు తెలియవు. ఈక్వలైజర్‌లో 100 హెర్ట్జ్ కింది శబ్దాన్ని కోసేయండి. 3-4 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించండి, ఆ గీర ఎక్కువగా అక్కడిదే.

జవాబు: రివర్బ్‌ను (ప్రతిధ్వని ఎఫెక్ట్‌ను) నేరుగా ట్రాక్ మీద వేయొద్దు. విడిగా సెండ్ (ట్రాక్ శబ్దాన్ని కొంత పంపే వేరే దారి) పెట్టి, పూర్తి వెట్ (ప్రతిధ్వని మాత్రమే వినిపించేలా), డికే (ప్రతిధ్వని ఆరిపోయే సమయం) 4-5 సెకన్లు ఉంచండి. రివర్బ్‌లో 300 హెర్ట్జ్ కింద, 5 కిలోహెర్ట్జ్ పైన కోయాలి. కింది భాగం వదిలేస్తే బ్లాస్ట్ బీట్ (ఆగకుండా సాగే అతివేగపు డ్రమ్స్ వాయింపు)‌తో కలిసి అంతా బురదే. ప్రీ-డిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు విరామం) సున్నాకి దగ్గరగా ఉంచండి, పెంచితే గిటార్ ముందుకొచ్చేస్తుంది. గొంతునూ అదే సెండ్‌కి పంపండి.

జవాబు: కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేసిన స్నేర్ డ్రమ్ దెబ్బలన్నీ 127 వెలాసిటీలో (దెబ్బ బలం గరిష్ఠంగా) పెడితే కుట్టుమిషనే! 85-110 మధ్య మార్చండి. క్యాసెట్ హిస్ (పాత టేపు బుస శబ్దం) ప్లగిన్‌తో మాత్రం మొదలుపెట్టకండి. ఈ సంగీతం మనల్ని పట్టుకునేది ఆ మసక వెనక మెలొడీ ఉన్నందుకే. నాలుగోసారి వింటే గానీ దొరకని కీబోర్డ్ వరస ఒకటి అడుగున ఉండాలి.