గొడ్డేరియా, గొడ్డేటియా?

పాతపుస్తకం: శ్రీనాథుడి చివరి రోజులదని చెప్పే సీసపద్యంలో (బొడ్డుపల్లెలో గుత్తకు నేల తీసుకుని, పంట పోయి, ఏడు వందల టంకాల బాకీ కట్టలేక శిక్ష పడ్డానని చెప్పే చాటువు), చివర వచ్చే ఎత్తుగీతి మూడో పాదం రెండు రోజులుగా బుర్ర తినేస్తోంది. "బొడ్డుపల్లెను గొడ్డే... మోసపోతి". ఆ చుక్కల్లో "రి"యా, "టి"యా? సర్కారు జోక్యం ఎంత తగ్గితే అంత మేలనే పక్షం నాదని ఇక్కడ అందరికీ తెలుసు. పన్నుల మీద వ్యాసాన్ని ఈ పద్యంతో మొదలుపెడదామని.

బండి ఱ: "రి"యే. నది అనే అర్థంలో ఏఱు ఔపవిభక్తికం, అంటే విభక్తి ముందు రూపం మారే మాట, "ఏటి" కావాలి. ఏటి ఒడ్డు, ఏటి నీరు. "రి" ఉందంటే అది క్త్వార్థం, "చేసి", "చూసి" లాంటి క్రియారూపం. గొడ్డు నేలను ఏరి, అంటే ఏరుకుని, మోసపోయానంటున్నాడు.

పాతపుస్తకం: మా తాతగారు "గొడ్డేటి" అనే చదివేవారు. కృష్ణవేణమ్మ, అంటే కృష్ణా నది, పంట కొనిపోయిందని పైనే ఉంది కదా, ఏటి ప్రసక్తి అతుకుతుంది.

బండి ఱ: తాతగారి మీద గౌరవం ఉంది. వ్యాకరణం మీదా ఉంది.

మూడో ఆశ్వాసం: ఛందస్సు సాయానికి రాదు. గొడ్డేరి, గొడ్డేటి రెండూ తగణమే (రెండు గురువులు, ఒక లఘువు). యతి "బొ", "మో"ల మధ్య, దానికీ ఇబ్బంది లేదు.

గుత్తదారు: "ఏరి" అయితే వ్యాసం గోవిందా! ఏరుకున్నది తనే. పంట ఎంతైనా ఇంత సొమ్మని గుత్తకు తీసుకున్నాడు, వరదొచ్చింది, బిలబిలాక్షులనే పిట్టలు నువ్వులూ పెసలూ తినిపోయాయి. నష్టం గుత్తదారుడిదే. లాభం నాది, నష్టం సర్కారుది అనకూడదని చెప్పేది మీ పక్షమే కదా. "ఏటి" అయితే మోసం ఏటిది, అప్పుడే మీకు కాస్త జాలి దొరుకుతుంది.

పాతపుస్తకం: బాకీ పడితే మెడకు పొగడదండ అనే శిక్ష వేసి ఎదురెండలో నిలబెట్టడం, భుజానికి నల్లగుండు, అంటే బండరాయి, ఎత్తడం ఏ ఒప్పందంలో ఉందండీ? నేల ఇచ్చిందీ, సొమ్ము అడిగిందీ, శిక్ష వేసిందీ ఒకే చెయ్యి. మధ్యలో తీర్పు చెప్పేవాడు లేకపోతే నేను దాన్ని ఒప్పందం అనను.

మూడో ఆశ్వాసం: ఆడం స్మిత్ 1776లో పన్నుకు నాలుగు సూత్రాలు చెప్పాడు. ఎంత కట్టాలో ముందే ఖాయంగా తెలియాలి, ఇది రెండోది. టంకాలు 700 అని ముందే తెలుసు కాబట్టి పాస్. కట్టేవాడికి వీలైన వేళ అడగాలి, ఇది మూడోది. పంట ఏట్లో పోయాక అడిగారు, ఫెయిల్.

గుత్తదారు: పంటలో భాగం అడిగితే దయగా ఉండేదని కదా మీ అందరి మనసులో? స్మిత్ దానికీ ఒప్పుకోడు. పంటలో పదో వంతు పట్టుకుపోయే చర్చి పన్ను నేల బాగుచేసేవాడి ఉత్సాహం చంపుతుందన్నాడు. గుత్తలో అయితే అదనంగా పండిందంతా రైతుదే. ఒకటే చిక్కు, తక్కువ పండినా మొత్తం అతని నెత్తినే.

చాటువుల పెట్టె: అసలు "మోసపోతి" దగ్గర ఎవరూ ఆగరేం? మోసం చేసిందెవరు? రాజా, ఏరా, తన అంచనాయా? నాకు మూడోదే అనిపిస్తుంది. నేల సంగతి దున్నినవాడికి తెలిసినట్టు కనకాభిషేకం చేయించుకున్నవాడికి తెలియదు. "హాలికులైన నేమి" అన్నది పోతన, నిజంగా నాగలి పట్టి సంకెళ్లు వేయించుకున్నది శ్రీనాథుడు.

బండి ఱ: పట్టాడని ఈ చాటువు చెబుతోంది, అంతే. ఆ పోతన పద్యంలో కౌద్దాలికులా, గౌద్దాలికులా అనే పాత అక్షరం గొడవ మాత్రం మళ్లీ ఎత్తకండి.

చాటువుల పెట్టె: ఎత్తను. వ్యాసానికి మోటుపల్లి రేవు శాసనం వాడుకోండి, పనికొస్తుంది. పగిలిన ఓడల సరుకును మునుపటి రాజులు లాక్కునేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అది మానేసి, ఎగుమతి దిగుమతులపై ముప్పైలో ఒక వంతు సుంకం చాలన్నాడు. శ్రీనాథుడే కావాలంటే ఆయన కావ్యం హరవిలాసం ఉంది. అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ్యసెట్టి ఓడల వ్యాపారి. "కప్పలి" అనే ఓడ మాట అందులోదే.

పాతపుస్తకం: కప్పలి సంగతి తర్వాత. "రి"యా, "టి"యా?

మూడో ఆశ్వాసం: అది ఉండనివ్వండి. ఇదే పద్యంలో, చేతికి వేశారన్న "వెదురుగొడియ"లో గొడియ అంటే ఏమిటో ముందు ఎవరైనా చెప్పండి.